లేని ఎనిమిదో మెట్టు

ఆగండి, ఆగండి. ఆ పాట రాగానే లేచి బయటికి వెళ్ళిపోకండి, కాస్త కూర్చుని నా మాట వినండి. అదే, ఇరవై నాలుగు మెట్ల పాట. అద్దంలా మెరిసే నల్లటి మెట్ల మీంచి హీరోయిన్ తల పైకెత్తుకుని, ఒక్కసారి కూడా కాళ్ళ వైపు చూసుకోకుండా, గాల్లో తేలినట్టు దిగొస్తుందే, ఆ పాట. ఆవిడ చుట్టూ తెల్ల ఈకల టోపీలు పెట్టుకుని బోలెడంత మంది అమ్మాయిలు. సరిగ్గా చూస్తే ఆవిడ ఎడమ భుజానికి అరడుగు వెనక ఒక మనిషి పట్టేంత ఖాళీ కనిపిస్తుంది. అది అందం కోసం వదిలారని అందరూ అనుకుంటారు. కాదు. అక్కడ ఒక మనిషి ఉండేది. ఆవిడ అక్కణ్నుంచి ఎలా కదిలిందన్నది మూడంటే మూడు రోజుల కథ.

స్టూడియోలో ఆవిణ్ని లెక్కలక్క అనేవారు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, అందులో పద్దెనిమిదేళ్ళు గ్రూపు డాన్సులోనే గడిచాయి. పాట మధ్యలో రికార్డు గీసుకుపోయినా, పైనున్న లైటు టప్పున పేలినా, ఆవిడ లెక్క మాత్రం చెక్కుచెదరదు. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. వంటింట్లో గిన్నెలు తోమినా ఎనిమిదికి ఒకసారి మణికట్టు తిరుగుతుందని ఆవిడ అత్తగారు ఇరుగుపొరుగుకి చెప్పి నవ్వేది.

ఆ సోమవారం పొద్దున డాన్సు మాస్టారు డాన్సర్లందరినీ చిన్న థియేటర్లోకి తీసుకెళ్ళి వెనక బెంచీల మీద కూర్చోబెట్టారు. అంతకుముందు వారం తీసిన మెట్ల పాట రషెస్, అంటే ఇంకా కత్తిరించని ఫిల్ము, వేస్తున్నారు. డైరెక్టర్ కొత్తవాడు, చేతిలో పెన్సిల్ లేకుండా మాట్లాడలేడు. పాట సగం దాటి హీరోయిన్ ఆఖరి మెట్లు దిగుతుండగా ఆపమన్నాడు. లేచి తెర దగ్గరికి వెళ్ళి, హీరోయిన్ భుజం వెనకున్న మొహం మీద, సరిగ్గా పెదాల మీద, పెన్సిల్ మొన ఆనించాడు.

"ఈవిడ ఎవరికి పాఠం అప్పజెబుతోంది?"

అందరూ నవ్వారు. లెక్కలక్క కూడా నవ్వింది. తెర మీద అంత పెద్ద సైజులో తన నోరు అలా సగం మూసుకుని ఇరుక్కుపోవడం ఆవిడకే వింతగా ఉంది. ముందు వరసలో కూర్చున్న హీరోయిన్ మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరిగీ చూడలేదు. పెదాలు కదిపే మనిషిని పై వరసలోకి పంపేయమని, బుధవారం పాట మొత్తం మళ్ళీ తీద్దామని డైరెక్టర్ చెప్పాడు. మాస్టారు తల ఊపారు. లైట్లు వెలిగాయి. అంతే, రెండు నిమిషాల్లో అయిపోయింది.

పై వరస అంటే ఏంటో డాన్సర్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ ఎవరినీ పొమ్మనరు. వయసు పైబడేకొద్దీ ఒక్కో సినిమాకి ఒక్కో వరస వెనక్కి జరుపుతారు, ఆఖరి వరస వెనక గోడ ఉంటుంది. లెక్కలక్కని ఒక్క మాటతో ఒకేసారి మూడు వరసలు జరిపారు.

ఇక్కడ మీకు చెప్పాల్సింది ఒకటుంది. హీరోయిన్‌కి కళ్ళు కనిపించవు. అంటే మరీ గుడ్డి కాదు, మూడడుగుల అవతల అన్నీ మసక. మెట్లు ఆవిడకి మెట్లలా కనిపించవు, నల్లగా ఒక జారుడుబల్లలా కనిపిస్తాయి. సోడాబుడ్డి కళ్ళజోడు పౌడర్ డబ్బాలో దాచుకుంటుంది. ఆ సంగతి తెలిసింది ముగ్గురికే. హీరోయిన్‌కి, పదకొండేళ్ళుగా ఆవిడ భుజం వెనక నిలబడి నవ్వుతూనే పళ్ళ సందుల్లోంచి మెట్లు లెక్కపెట్టే లెక్కలక్కకి, లెక్కలక్క మొగుడికి. ఆ మొగుడు అదే స్టూడియోలో సెట్ల వడ్రంగి.

పెదాలు కదలకుండా లెక్కపెట్టడం తమాషా విద్య. ఒకటి, రెండు చెప్పొచ్చు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు చెప్పొచ్చు. మూడు దగ్గర పెదాలు కలుస్తాయి కాబట్టి దాన్ని ఊడు అనాలి. ఎనిమిదిని ఎన్ది అని మింగేయాలి. పాటలన్నీ ఎనిమిదుల్లోనే నడుస్తాయి కనక పదకొండేళ్ళు ఇబ్బంది లేకుండా జరిగిపోయింది. ఈ సెట్టులో మాత్రం తొమ్మిది వచ్చిపడింది. తొమ్మిది అనకుండా తొమ్మిది అనడం మనిషి వల్ల అయ్యే పని కాదు. కావాలంటే అద్దం ముందు నిలబడి మీరే ప్రయత్నించి చూడండి.

*

ఆ సాయంత్రం ఇంట్లో లెక్కలక్క పాదాలు వేణ్ణీళ్ళ టబ్బులో పెట్టుకుని కూర్చుంది. మొగుడు ఎదురుగా నేల మీద కూర్చుని ఉలి నూరుకుంటున్నాడు. ఆవిడ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన నూరడం ఆపేశాడు.

"నోరు తెరిచి ఉన్నమాట చెప్పెయ్యొచ్చుగా."

"నోరు తెరిచినందుకేగా వెనక్కి పంపింది."

ఆయనకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు, ఎందుకంటే తప్పు సగం ఆయనదే. సెట్టు కోసం గీసిచ్చిన బొమ్మలో మెట్లు మూడు వరసలు, వరసకి ఎనిమిదేసి, వరసకీ వరసకీ మధ్య చదును. కానీ రెండో వరస కింద కెమెరా బండి దూరాలంటే దూలం అడ్డొచ్చింది. దాంతో అక్కడ ఒక మెట్టు తీసేసి చదును వెడల్పు చేసి, ఆ మెట్టుని కింది వరసలో కలిపేశాడు. ఎనిమిది, ఏడు, తొమ్మిది. మొత్తం ఇరవై నాలుగే కాబట్టి ఎవరికీ చెప్పలేదు. వడ్రంగికి అది చాలా తెలివైన పని. పాటకి మాత్రం కాదు.

"ఒక చోట మెట్టు మింగేశారు, ఇంకో చోట కక్కారు," అంది ఆవిడ, టబ్బులోంచి ఒక కాలు తీసి తువ్వాలుతో ఒత్తుకుంటూ. "ఆ కక్కింది వచ్చి నా పెదాల మీద పడింది."

లోపలి గదిలోంచి అత్తగారు కేకేసింది. కోడలు వేసిన ప్రతి సినిమా మొదటి రోజే చూసి, తెర మీద ఎన్నిసార్లు కనిపించిందో వేళ్ళ మీద లెక్కపెట్టుకునే మనిషి. ఈ సినిమాలో కోడలు హీరోయిన్ పక్కనే కనిపిస్తుందని మేడ మీదివాళ్ళకీ, కింద కుట్టుషాపామెకీ అప్పటికే చెప్పేసింది.

"అమ్మాయ్, ఆ టోపీకి ఈకలు ఎన్ని? గుంపులో గుర్తుపట్టాలిగా."

"ఐదు, అత్తయ్యా."

"మిగతావాళ్ళకి?"

"వాళ్ళకీ ఐదే."

"అయితే నువ్వు ఒక ఈక కాస్త వంకరగా పెట్టుకో," అని ఆవిడ మళ్ళీ పడుకుంది. మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పై వరస సంగతి ఆవిడకి ఎవరు చెప్తారు?

*

మంగళవారం రిహార్సల్. లెక్కలక్క పైన గోడకి ఆనుకుని ఆఖరి వరసలో నిలబడింది. అక్కణ్నుంచి హీరోయిన్ జడముడి తప్ప ఏమీ కనిపించదు. బూట్లకి గుడ్డ తొడుగులు వేసుకున్నారందరూ. మెట్ల మీద గీత పడితే పాలిష్ తాత ఊరుకోడు మరి. తాతంటే అరవై దాటిన మనిషి. రికార్డు ఆగినప్పుడల్లా మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి, ఒక్కో మెట్టూ ఊది, తుడిచి, పక్కకి వంగి వెలుతురు ఎలా జారుతోందో చూసుకునేవాడు.

రికార్డు పెట్టారు. మొదటి వరస ఎనిమిది మెట్లూ బాగానే దిగారు. రెండో వరస మొదలైంది. లెక్కలక్క పైనుంచే లోలోపల లెక్కపెడుతోంది. ఐదు. ఆరు. ఏడు. హీరోయిన్ పాట ప్రకారం ఎనిమిదో మెట్టుకి కాలు దించింది. అక్కడ మెట్టు లేదు, చదునైన నేల ఉంది. కిందికి వెళ్ళాల్సిన కాలు మధ్యలోనే ఆగేసరికి మోకాలు టక్కున కొట్టుకుని ఆవిడ ఉన్నచోటే చతికిలబడింది.

అందరూ పరిగెత్తారు. డైరెక్టర్ పెన్సిల్ కిందపడేశాడు. ఏమైందని హీరోయిన్‌ని అడిగారు. ఆవిడ మెట్టు వైపు చూపిస్తూ బాగా జారుడుగా ఉందంది.

పాలిష్ తాత అదే డబ్బా, అదే గుడ్డ అని చెప్పుకోబోయాడు. ఎవరూ వినిపించుకోలేదు. రేపటి నుంచి వేరే మనిషిని పెట్టమని మేనేజర్‌కి చెప్పేశారు. తాత గొడవేమీ పడలేదు. తన గుడ్డలన్నీ ఒక్కొక్కటే దులిపి, నాలుగు మడతలు పెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాడు. ఆఖర్న వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు, ఏదైనా తేడా వచ్చిందేమోనని. తన మీద తనకే అనుమానం వచ్చింది పాపం.

పై వరసలోంచి లెక్కలక్క అదంతా చూసింది. నిన్నటి దాకా అది తన గొడవ. తన నోరు, తన వరస. మూసుకుని ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఇప్పుడు లేని మెట్టు ఒకటి ఉన్న మనిషిని తోసేసింది.

మధ్యాహ్నం ఆవిడ హీరోయిన్ గదికి వెళ్ళింది. తలుపు దగ్గరున్న మేకప్పామె పక్కకి తప్పుకుంది. హీరోయిన్ మోకాలి మీద ఐసు మూట పెట్టుకుని ఉంది. మనిషిని పోల్చుకోవడానికి కళ్ళు చికిలించి, అడుగుల చప్పుడు విని, మామూలైపోయింది.

"నువ్వా అక్కా. తలుపేసెయ్."

లెక్కలక్క తలుపేసి స్టూలు మీద కూర్చుంది. హీరోయిన్ తనే మొదలుపెట్టింది. నిన్న నోరు పెగల్లేదని, డైరెక్టర్ కొత్తవాడని, కళ్ళజోడు సంగతి ఒక్కసారి బయటికి పొక్కితే రేపు ఎవరూ మెట్లెక్కించరని గబగబా చెప్పుకుపోయింది. తర్వాత, నువ్వు వెనక లేకపోతే నేను చెయ్యనని చెప్తాను, సాయంత్రానికల్లా నీ చోటు నీకొస్తుందని అంది. తాత మాట మాత్రం కదపొద్దంది. జారుడు కాదంటే మరేంటని అడుగుతారు కదా.

ఆ మాట లెక్కలక్క చెవిలో తియ్యగానే పడింది. తన చోటు, వంకర ఈక, అత్తగారు, కుట్టుషాపామె, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. ఊ అంటే చాలు. ఆవిడ స్టూలు మీద కూర్చుని మడమతో నేల మీద ఎనిమిది కొట్టింది. ఇంకో ఎనిమిది కొట్టింది.

"తాత చేతులు వాసన చూసుకుంటున్నాడమ్మా," అంది చివరికి.

హీరోయిన్ ఐసు మూట ఆ మోకాలి మీంచి ఈ మోకాలి మీదికి మార్చింది. దెబ్బ తగిలింది ఆ మోకాలికే.

"మరేం చెయ్యమంటావు?"

"రేపు పొద్దున ఆరింటికి సెట్టుకి రండి. బూట్లు వద్దు, ఒట్టి కాళ్ళతో రండి. మీరు మీ అంతట మీరు దిగగలిగితే, తాత గురించి ఉన్నమాట చెప్పండి. అంతే."

*

బుధవారం పొద్దున ఆరింటికి సెట్టులో ఉన్నది ముగ్గురే. పెద్ద తలుపు సందులోంచి వెలుగు పడి మెట్ల మీద ఒక చార గీసింది. వడ్రంగి సన్నటి చెక్క బద్దలు మూడు తెచ్చాడు. వేలిగోరంత మందం, నల్లరంగు వేసి రాత్రంతా ఆరబెట్టినవి. ఆలోచన లెక్కలక్కది. ప్రతి వరసలో ఆఖరి మెట్టు అంచున, హీరోయిన్ కాలు పడేచోట ఒక బద్ద. కాలికి తగిలిందంటే ఇక మెట్టు లేదు, చదునే. లెక్క అక్కర్లేదు.

మొదటి బద్ద కొట్టాడు. రెండోది కొట్టాడు. మూడోదానికి వచ్చేసరికి మేకు మునివేళ్ళ మధ్య పట్టుకుని, సుత్తి ఎత్తి, అలాగే ఆగి పెళ్ళాం వైపు చూశాడు. హీరోయిన్ పైన ఉంది, వినపడదు.

"ఇది కొట్టేస్తే ఇంక నీతో పనుండదు. ఆలోచించుకున్నావా?"

లెక్కలక్క రెండో బద్దని బొటనవేలితో నొక్కి చూసింది. ఈ బద్దల ఆలోచన ఆవిడకి నిన్న వచ్చింది కాదు. నాలుగేళ్ళ కిందట వేరే సెట్టులో, కార్పెట్ కింద మేకు తల ఒకటి పైకి లేచి అరికాలికి తగిలినప్పుడే వచ్చింది. అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఆఖరికి పక్కనే పడుకునే ఈ మనిషికి కూడా. మేకు తలని తనే మడమతో తొక్కి లోపలికి దించేసింది.

"కొట్టండి," అంది.

మూడు దెబ్బల్లో మేకు దిగిపోయింది.

హీరోయిన్ ఒట్టి కాళ్ళతో దిగింది. మొదటిసారి గోడని తడుముకుంటున్నట్టు చేతులు ముందుకి చాచింది. రెండోసారి ఒక చెయ్యే. మూడోసారి తల పైకెత్తింది. నాలుగోసారి పాట పాడుకుంటూ దిగి, కిందికొచ్చాక పకపకా నవ్వి, ఇది ఇన్నేళ్ళూ ఎందుకు తట్టలేదు అక్కా అని అడిగింది. లెక్కలక్క కూడా నవ్వేసి ఊరుకుంది. వడ్రంగి సుత్తిని సంచిలో పెట్టుకోవడానికి మామూలుకన్నా ఎక్కువసేపు తీసుకున్నాడు.

తొమ్మిదింటికి అందరూ వచ్చారు. కొత్త పాలిష్ మనిషి గుడ్డ విప్పబోతుంటే హీరోయిన్ వద్దంది. డైరెక్టర్‌ని పిలిచి, నేలలో ఏ లోపం లేదు, కాలే తప్పు వేశాను, పాత మనిషిని పిలిపించండి, ఆయన వచ్చేదాకా నేను మేకప్ వేసుకోను అని నెమ్మదిగా చెప్పింది. డైరెక్టర్ పెన్సిల్ చెవి వెనక దోపుకున్నాడు. గంటలో తాత వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని, గుడ్డ మడత విప్పి, పై మెట్టు నుంచి మొదలుపెట్టాడు. బద్ద దగ్గరికి రాగానే చెయ్యి ఆగింది. వేలితో తడిమాడు. తలెత్తి వడ్రంగిని చూశాడు, లెక్కలక్కని చూశాడు. దాని మీద కూడా పాలిష్ పట్టించాడు.

మొదటి టేక్. హీరోయిన్ కుచ్చిళ్ళ మాటున ఒట్టి కాళ్ళతోనే ఈకలా దిగొచ్చింది. కానీ వెనకాల అమ్మాయిలు రెండో వరస దగ్గర కకావికలైపోయారు. ఒకమ్మాయి మోకాలు కొట్టుకుంది, ఇద్దరు కిందికి చూశారు. కిందికి చూడొద్దు అని డైరెక్టర్ అరిచాడు. రెండో టేక్ అంతకన్నా అధ్వాన్నం. మూడోసారి మాస్టారు రికార్డు ఆపించి మెట్లెక్కుతూ, ఏమైందే మీకు, పోయిన వారం బాగానే దిగారుగా అని ఒక్కొక్కళ్ళనీ అడిగారు. వాళ్ళలో ఒక ఎర్ర జుట్టు పిల్ల నసుగుతూ అసలు సంగతి చెప్పింది. పోయిన వారం లెక్కలక్క పక్కనుంది. ఆవిడ గొణుగుడు వింటూ దిగేవాళ్ళం. అది మాకోసమే అనుకున్నాం.

హీరోయిన్ పైట సర్దుకునే వంకతో తల దించుకుంది.

మాస్టారు ఆఖరి వరస దాకా ఎక్కి వచ్చారు. వచ్చేసరికి ఆయాసం.

"అసలు నువ్వు గొణిగేది ఏంటమ్మా?"

"ఎనిమిది, ఏడు, తొమ్మిది, మాస్టారూ."

"ఏడెక్కడిది?"

ఆవిడ వేలు చూపించింది. మాస్టారు మెట్లు లెక్కపెట్టుకుంటూ కిందికి దిగారు. రెండో వరసలో ఒకసారి, అనుమానమొచ్చి ఇంకోసారి లెక్కపెట్టారు. వడ్రంగి లైటు స్తంభం చాటుకి జరిగాడు. మాస్టారు, నలభై ఏళ్ళుగా పాటనే లెక్కపెట్టాను గానీ మెట్లు ఏనాడూ లెక్కపెట్టలేదు అని తనలో తాను అనుకున్నట్టు పైకే అన్నారు. తర్వాత, సెట్టులో కేకలెయ్యడానికి వాడే తన రేకు బాకా తీసి లెక్కలక్క చేతిలో పెట్టారు. కెమెరా పక్కకి పోయి నిలబడి గట్టిగా చెప్పమన్నారు. పాట ఎలాగూ రికార్డు లోంచి వస్తుంది, సెట్టులో ఎంత అరిచినా సినిమాలోకి ఎక్కదు.

పద్దెనిమిదేళ్ళలో లెక్కలక్క కెమెరాకి ఇటుపక్క నిలబడటం అదే మొదటిసారి. ఈకల టోపీ తలమీదే ఉంది, తియ్యడం మర్చిపోయింది. బాకా నోటికి ఆనించుకుని ఒకటి అంది. గొంతు పీలగా వచ్చింది. రెండు అంది. మూడు దగ్గర పెదాలు రెండూ కలిపి మూడు అని పూర్తిగా పలికింది. ఎనిమిది మింగలేదు. ఆఖరి వరసకి వచ్చేసరికి తొమ్మిది అని కప్పు దాకా వినిపించేలా చెప్పింది. ఇన్నాళ్ళూ దాచుకున్న మకారాలన్నీ ఒక్కసారి తిరిగొచ్చినట్టయింది. మెట్ల మీద అమ్మాయిలందరూ ఒకే కాలిలా దిగారు.

డైరెక్టర్ కెమెరా లోంచి కన్ను తీశాడు. నాట్యం దివ్యంగా ఉంది గానీ, హీరోయిన్ పక్కన ఖాళీ కనపడుతోందన్నాడు. లెక్కలక్కని మళ్ళీ ముందుకి తెచ్చేద్దాం, ఆ పెదాలు కాస్త కదపకుండా ఉంటే చాలన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. ఈ సినిమా నుంచే నా పక్కన ఉండనీ, నా మోకాళ్ళు కూడా మెట్లెక్కనంటున్నాయి అన్నారు. ఇద్దరూ కలిసి ఆవిడ వైపు చూశారు. భోజనాలు అయ్యాక చెప్పు అన్నారు.

ఆవిడ వెళ్ళి రెండో వరస చదును మీద కూర్చుంది. ఒక పక్కన టోపీ పెట్టుకుంది, ఇంకో పక్కన బాకా. టోపీ పెట్టుకుంటే తెర మీద మొహం, ఇంకో రెండేళ్ళో మూడేళ్ళో. బాకా పట్టుకుంటే గొంతు నిండా లెక్క, కానీ ఇంకెప్పుడూ ఏ తెర మీదా కనిపించదు. మొగుడు వచ్చి పక్కన కూర్చుని క్యారియర్ విప్పాడు. ఏం చెయ్యమని సలహా ఇవ్వలేదు. తాత ఆవిడ కాళ్ళ చుట్టూ గుడ్డ తిప్పుకుంటూ వచ్చి, కాస్త కాలెత్తమ్మా అన్నాడు. ఆవిడ ఎత్తింది. కింద మెట్టు తళతళా మెరిసింది.

భోజనాలు అయ్యాక ఆవిడ బాకా పట్టుకుని లేచింది. టోపీ తీసుకెళ్ళి, ఇక నా చోటు నీదే అంటూ ఎర్ర జుట్టు పిల్లకి ఇచ్చింది. ఆ పిల్ల సంబరంగా వెళ్ళి హీరోయిన్ భుజం వెనక నిలబడబోతే, హీరోయిన్ చెయ్యి అడ్డం పెట్టింది. అక్కడ వేరే ఎవరు నిలబడినా ఊపిరి తేడాగా వినిపిస్తుంది, ఖాళీగానే ఉంచండి అంది. డైరెక్టర్ ఏదో అనబోయి, కెమెరాలోంచి చూసి, ఉండనివ్వండి, బాగానే ఉంది అన్నాడు.

సినిమా విడుదలైన రోజు అత్తగారు మేడ మీదివాళ్ళనీ, కుట్టుషాపామెనీ వెంటేసుకుని మొదటి ఆటకి వెళ్ళింది. కోడలు పక్క సీటులోనే కూర్చుంది. అత్తగారికి దారిలోనే అంతా చెప్పేసింది. ఆవిడ వేళ్ళు మడుచుకుంటూ వింది. మెట్ల పాట వచ్చింది. మేడ మీదావిడ తెరంతా వెతికి, ఏదీ మీ కోడలు అని అడిగింది. అత్తగారు సీటులో ముందుకి జరిగి, చెయ్యి చాచి, హీరోయిన్ భుజం వెనకున్న ఖాళీని నిమిరినట్టుగా చూపించింది.

"అదిగో, ఎవరూ లేనిచోట. అందరూ దాని మాట మీదే దిగుతున్నారు చూడు."

పక్క సీటులో లెక్కలక్క ఇదేదీ వినిపించుకోలేదు. చీకట్లో పెదాలు హాయిగా కదుపుతూ, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది అని లెక్కపెట్టుకుంటోంది.

సరే, ఇప్పుడు మీరు చెప్పండి. ఆ మధ్యాహ్నం ఆ మెట్ల మీద, ఒక పక్కన టోపీ, ఇంకో పక్కన బాకా పెట్టుకుని మీరు కూర్చుని ఉంటే, మీ చెయ్యి ఎటు వెళ్ళేది?